కావలివానిని దొంగయని భ్రమించిన పదియేండ్లు

తాళపత్ర గ్రంథములతో పరిచయముగల పెద్దలకు లేఖకదోష మనగా నేమో చెప్ప నక్కరలేదు. వ్రాయసకాడు మొదటి యక్షరము నొక్కదానిని తప్పినచో రక్షకుడు భక్షకుడగును. అట్టి దోషమే యొకటి యిటీవలి శాస్త్రచరిత్రమున సంభవించి, పదియేండ్లపాటు మహావిద్వాంసులను త్రోవ తప్పించినది. ఆ వృత్తాంతమును మనవి చేసెదను.

మన శరీరము లెక్కకందని కణముల సముదాయము. కణగర్భమున డి.ఎన్.ఏ. యను సన్నని పోగు కలదు. అది నాలుగే యక్షరములతో వ్రాయబడిన గ్రంథము వంటిది. అందలి యొక్కొక్క ప్రకరణమునకు జన్యువని పేరు. జన్యువు చెప్పినట్లు కణము మాంసకృత్తులను నిర్మించుకొనును. వానిలో గొన్ని మరల నా పోగునే పట్టుకొని, యే ప్రకరణమును చదువవలెనో యేది మూయవలెనో నిర్ణయించును. పి 53 అనునది యట్టి మాంసకృత్తు.

1979వ సంవత్సరమున లండనులో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డు గారలును, అమెరికాలోని ప్రిన్స్‌టనులో డేనియల్ లింజర్, ఆర్నాల్డ్ లెవిన్ గారలును దీనిని వేర్వేరుగా గనుగొనిరి. మరికొందరును ఆ కాలముననే దీనిని గుర్తించిరి. కోతులయందుండు నొక వైరసుచే క్యాన్సరు లక్షణము పొందిన కణములలో, ఆ వైరసు మాంసకృత్తు నంటుకొని యిది కనబడెను. తూకము 53 వేల ప్రమాణములని తోచుటచే నా పేరు వచ్చినది. నిజమైన తూకము సుమారు 44 వేలే యైనను పేరు మాత్రము నిలిచిపోయినది.

క్యాన్సరును మన పెద్దలు రాచపుండనిరి. పెక్కు పుండ్లలో నిది విశేషముగా గనబడుటచే దీనిపై ననుమానము కలిగెను. 1984లో దీని జన్యువు ప్రతిని మరియొక జన్యువుతో గూర్చి కణములలో ప్రవేశపెట్టగా నవి క్యాన్సరు కణములుగా మారెను. ఇంకేమి, నేరము రుజువైనదని పలువురు తలచిరి.

అయితే ప్రత్యంతరములను పోల్చి చూడగా గుట్టు బయటపడెను. ప్రయోగములలో వాడిన ప్రతులే దోషదుష్టములు! 1989లో లెవిన్ గారి బృందము శుద్ధప్రతిని వాడగా నది కణముల దుష్టవృద్ధిని పెంచుటకు మారుగా నణచివేసెను. ఆ యేటనే బాల్టిమోరులో బెర్ట్ వోగెల్‌స్టీన్ గారి బృందము మనుష్యుల పెద్దప్రేగు క్యాన్సరులను పరీక్షించి, ఈ జన్యువు యొక్క రెండు ప్రతులలో నొకటి లోపించి, రెండవది చెడియుండుటను జూపెను. 1992లో లేన్ గారు దీనికి జన్యుగ్రంథ రక్షకుడను బిరుదు నొసగిరి. డి.ఎన్.ఏ. దెబ్బతిన్నప్పుడు నాలుగు పి 53 అణువులు కూడి యా పోగును పట్టుకొని, కణవిభజనము నాపు జన్యువులను మేల్కొల్పును. బాగుపడని కణమును చావనిచ్చును.

ఇట్టి దానిని పరీక్షింప వలయునన్న శుద్ధమైన సరకు కావలెను. 1973లో కాలిఫోర్నియాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్టు బోయర్ గారలు అన్యజీవి జన్యువును ఇ. కోలై యను సూక్ష్మజీవిలో నిలుపు మార్గమును చూపిరి. ఆ మార్గముననే మనుష్యుని పి 53 జన్యువు నా సూక్ష్మజీవిలో నుంచెదరు. అనుకూలమైనచో నది యిరువది నిమిషముల కొకసారి రెట్టింపగుచు మనుష్య మాంసకృత్తును తయారుచేయును. పిదప దానిని పగులగొట్టి, వడబోసి, శుద్ధిచేసి మిక్కిలి చల్లని చోట భద్రపరతురు. ఇది రోగికిచ్చు మందు కాదు. ప్రయోగశాలకు మాత్రమే యుపకరించునది.

ఇట్లు సిద్ధపరచిన పి 53 మధ్యభాగముతో 1994లో న్యూయార్కున నికోలా పావ్లెటిచ్ గారి బృందము, అది డి.ఎన్.ఏ.ను పట్టుకొనియున్న రూపమును ఎక్స్ కిరణములచే నిర్ణయించెను. ఈ మాంసకృత్తు 393 కూర్పుల మాల. అందు 248వదియు 273వదియు డి.ఎన్.ఏ.ను తాకుచుండెను. క్యాన్సరులలో మిక్కిలి తరచుగా చెడునవియు నవియే! పట్టు తప్పిన కావలివాడు కావలి కాయజాలడని యప్పుడు కంటికి గనబడినది.

మనుష్యులకు వచ్చు క్యాన్సరులలో సుమారు సగమునందు ఈ జన్యువు చెడియుండును. కావున నేడు ప్రయోగమునకు బూనుకొనువారు ముందుగా తమచేతి ప్రతి నక్షరమక్షరముగా జదివి, మూలముతో సరిచూచుకొందురు. మన పండితులు పాఠపరిష్కరణమున నేనాటినుండియో పాటించు నియమమును ప్రయోగశాలయు నీ విధముగా నేర్చుకొన్నది.