పద్మ కాలం చెల్లింది

2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 57వ కూర్పు విడుదలైంది. పాత పద్ధతిలో రాసిన యాడ్ఆన్లను అది ఇక దగ్గరికి రానివ్వలేదు. ఆ పోయినవాటిలో 'పద్మ' ఒకటి. దాని కోసం ఏ పత్రికా సంతాపం రాయలేదు. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, చీరాల వదిలి పై దేశాలకు వెళ్లి, ఊరి కబురు కోసం తెలుగు పేపరు తెరిచిన ఒక తరానికి పద్మ చేసిన మేలు ఎక్కడో ఒకచోట రాసి ఉంచాలని ఇన్నాళ్లకు ఈ నాలుగు మాటలు.

ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు మనవి. కానీ విండోస్ 98కి తెలుగు రాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, కంట్రోల్ ప్యానెల్‌లో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తేగానీ గుణింతాలూ వత్తులూ కుదురుగా కూర్చునేవి కావు. గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటర్‌కి వచ్చి గంటకింతని కట్టి కూర్చున్నవాడికి ఆ సీడీ ఎక్కడిది? అందుకే పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు చేయించుకున్నాయి. అది తప్పని నేననను. ఆ రోజున తెర మీద తెలుగు కనిపించాలంటే వేరే దారి లేదు.

ఆ దారిలోనే గొయ్యి ఉంది. ఫాంటును పేజీతో పాటు పంపే పద్ధతులు అప్పట్లో రెండు. ఒకటి నెట్‌స్కేప్ 4కు సొంతంగా తెలుసు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రం దాని కోసం విడిగా ఒక ప్లగిన్ దించాలి. రెండోది ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప ఇంకెక్కడా పలకదు. 2000లో నెట్‌స్కేప్ 6 వచ్చి మొదటి పద్ధతిని వదిలేసింది. ఆ తరవాత ఎక్స్‌ప్లోరర్ లేనివాడు ఫాంటును తనే దించుకుని పెట్టుకోవాలి. లేదంటే టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ ఏలు, నెత్తిన చుక్కలున్న యూలు తెర నిండా బారులు తీరేవి. పేజీ కడుపులో నిజంగా ఉన్నవి అవే. తెలుగు పైపూత మాత్రమే.

'మిర్చి' అన్న మాటనే తీసుకుందాం. యూనికోడ్‌లో దానికి ఆరు అంకెలు: మ 3118, గుడి 3135, ర 3120, పొల్లు 3149, చ 3098, మళ్లీ గుడి 3135. నోటితో పలికే వరుసే అక్కడా ఉంటుంది. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలో ఆ అంకెలు పెడితే, తెలుగు తెలిసిన ఏ బ్రౌజర్‌లోనైనా, ఎన్నేళ్లకైనా అది మిర్చే. పత్రికల ఫాంట్లలో అలా కాదు. అచ్చు కూర్చినట్టు 'మి' బొమ్మ, 'రి' బొమ్మ, దాని కింద చ వత్తు బొమ్మ. చకారానికి చెందిన గుడి ముందుగానే ర నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. కంటికి తేడా తెలియదు. వెతికే యంత్రానికి మాత్రం ఆ పేజీలో మిర్చి అన్న మాటే లేదు. పైగా ఒక పత్రిక ఫాంటులో 'మి' ఉన్న గడిలో మరో పత్రిక ఇంకేదో పెట్టుకునేది.

ఈ చిక్కు విప్పడానికి పూనుకున్నవాడు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. ఆయన రాసిన పద్మను ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే, తనకు తెలిసిన పత్రిక తెరవగానే ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే గుర్తుపట్టి, ర మీది గుడిని కిందికి దించి, వత్తును దాని ముందుకు జరిపి, అసలైన తెలుగుగా తిరగరాసేది. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక. మిర్చి యార్డు ధరల పేజీ నుంచి ఓ వాక్యం కాపీ చేసి ఇంటికి మెయిలు పెట్టగలగడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. తరవాత తమిళం, మలయాళం వంటి భాషలకూ పద్మ సాయపడింది. వేలమందికి కంప్యూటర్‌లో తెలుగు రాయడం నేర్పిన 'లేఖిని' నిలబడింది కూడా పద్మ కోడు మీదే.

పద్మ పతనం దాని పుట్టుకలోనే ఉంది. పెట్టుకున్నవాడికే అది తెలుగు చూపించగలదు. గూగుల్ పద్మను పెట్టుకోదు కదా. పత్రిక ఫాంటు మారిస్తే పట్టిక మళ్లీ రాయాలి. బ్రౌజర్ తన లోపలి నిర్మాణం మార్చుకుంటే మొత్తం మళ్లీ రాయాలి. పేజీ రాసినవాడు చేయాల్సిన పనిని చదివేవాడి నెత్తిన వేసిన చోట, ఎంత మంచి పనిముట్టయినా పరాయి ఇంట్లో అద్దెకున్నట్టే. పత్రికలు ఒక్కొక్కటీ యూనికోడ్‌కు వచ్చాయి. పద్మ అవసరం తగ్గింది, అంతవరకూ సంతోషమే. అయితే వెనకటి పేజీలు రాలేదు.

నాకు బాధంతా అక్కడే. పత్తి సంగతే చూడండి. బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. 450 గ్రాముల విత్తనాల ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది 2006లో. పల్నాటి నల్లరేగళ్ల మీద, పర్చూరు, మార్టూరు చేల మీద ఎన్నో బతుకులు తిరగబడిన ఏళ్లవి. ఆ ఫాంట్ల రోజుల్లో మన విలేకరులు తెలుగులో రాసి వెబ్‌లో పెట్టినదాన్ని, ఈనాటి పరిశోధక విద్యార్థి 'పత్తి' అని కొట్టి వెతికితే పట్టుకోలేడు. పత్తి అన్న మాట ఆ ఫైళ్లలో లేదు. అదే కాలంలో ఇంగ్లిష్‌లో రాసిన మామూలు పేజీ మాత్రం వెంటనే దొరుకుతుంది. గుంటూరు రైతు గురించి గుంటూరు భాషలో రాసింది మూగబోయి, పరాయి భాషలో రాసింది సాక్ష్యంగా నిలవడం కంటే అన్యాయం ఏముంది?

ఈ జబ్బు ఇంకా పోలేదు. గుంటూరులో, ఒంగోలులో చాలా డీటీపీ షాపులు ఇవాళ్టికీ పుస్తకాలను యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలోనే కూరుస్తున్నాయి. పీడీఎఫ్‌లో చూడముచ్చటగా ఉంటాయి, లోపల మాత్రం ఆ పాత గజిబిజే. పద్మ కోడు అందరికీ తెరిచి ఉంచినదే, పట్టికలు రాసిన తీరు అందులో కనిపిస్తుంది. మీ దగ్గర పాత పత్రికల పేజీలున్నా, చిన్న ప్రెస్సులో పేజ్‌మేకర్ ఫైళ్లున్నా, ఆ ఫాంట్లు తెలిసిన మనుషులు బతికుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి, మామూలు హెచ్‌టీఎంఎల్‌గా దాచండి. కొత్త పుస్తకం వేయిస్తున్నవాళ్లు యూనికోడ్ ఫైలు కూడా ఇమ్మని షాపువాణ్ని ముందే అడిగి తీసుకోండి.