మూడు మాత్రల్లో ఒకటి

పోయిన సంక్రాంతికి నేను సి.బెళగల్‌లో ఉన్నప్పుడే మా పెద్దనాయనకు ముక్కులోంచి రక్తం మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు. రాత్రికి రాత్రే కారెక్కించి కర్నూలు తీసుకెళ్లాం. ఆయనకు రెండేళ్ల కింద స్టెంట్ వేశారు. గుండె లయ కూడా తప్పుతుంది, ఎట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారే, అది. మందుల సంచి బోర్లిస్తే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ మూడూ ఉన్నాయి. మూడూ రక్తం గడ్డకట్టనివ్వని మందులే.

"ఎప్పుడు నిలపల్లనో ఎవురూ చెప్పల్యా నాయనా" అన్నాడు.

ఈ మూడూ ఒకే సంచిలోకి ఎలా చేరాయో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

వార్ఫరిన్ కథ పశువుల కొట్టంలో మొదలవుతుంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న ఆవులు రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన గడ్డకట్టని రక్తాన్ని క్యానులో పోసుకుని, మంచుతుఫానులో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త దగ్గరికి వచ్చాడు. ఆ పరిశోధనలోంచి వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలకల మందు, 1954లో మనుషుల మందు. లయ తప్పిన గుండె పైగదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. దానికి కాపలా ఈ మాత్ర.

స్టెంట్‌ది వేరే సమస్య. 1986లో మొదటిసారి మనిషి గుండె రక్తనాళంలో స్టెంట్ పెట్టారు. లోహం మీద ప్లేట్‌లెట్లు పేరుకుని నాళం మూసుకుపోకుండా ఆస్పిరిన్, దానికి తోడు క్లోపిడోగ్రెల్ లాంటిది ఇంకొకటి వాడతారు. రెండు జబ్బులూ ఉన్నవాళ్లకు రెండు చీటీలూ కలిపేశారు. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ అంతే. కొత్త కోడ్ కలపడం సులువు, పాతది తీసెయ్యాలంటేనే అందరికీ భయం.

తీసి చూసే ధైర్యం 2013లో వచ్చింది. నెదర్లాండ్స్, బెల్జియంలలో 573 మందితో జరిగిన వోఎస్ట్ పరిశోధనలో సగంమందికి ఆస్పిరిన్ ఆపేశారు. మూడూ వాడినవాళ్లలో ఏడాదిలో 44.4 శాతం మందికి రక్తస్రావమైతే, రెండే వాడినవాళ్లలో 19.4 శాతానికే అయింది. గడ్డల బెడద పెరగలేదు. 2019లో 4,614 మందితో చేసిన అగస్టస్ పరిశోధన కూడా ఆ దారినే చూపించింది. అదే ఏడాది జపాన్ వాళ్లు, స్టెంట్ వేసి ఏడాది దాటి నిలకడగా ఉన్నవాళ్లకు లయ కోసం వాడే మందు ఒక్కటే చాలని తేల్చారు.

మన దగ్గర 1998లో కలాం, హైదరాబాదు డాక్టర్ సోమరాజు కలిసి చవక స్టెంట్ తయారుచేశారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్ ధరకు 29,600 రూపాయల పరిమితి పెట్టింది. అట్లా స్టెంట్ మా ఊరిదాకా వచ్చింది. ఏ మాత్ర ఎప్పుడు ఆపాలన్న కబురు మాత్రం రాలేదు.

మందు సొంతంగా మానేయడం ఇంకా ప్రమాదం. అందుకే డాక్టర్ని అడిగాం. ఆయన చీటీలో రెండు మందులు కొట్టేసి, పక్కన తేదీ వేశాడు.

పెద్దనాయన ఆ చీటీ పారెయ్యలేదు. ఆధార్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచిపెట్టాడు.