ఎడారిలో సేద్యపు ఆట: సఖ్ర్ నుండి స్టార్‌డ్యూ దాకా

కువైట్‌లో వేసవి పైరు వేసే కాలం కాదు. 2016 జులై 21న మిత్రిబా వాతావరణ కేంద్రంలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ తరువాత ఆ అంకెను ధ్రువీకరించింది కూడా. దక్షిణాన వఫ్రాలో, ఉత్తరాన ఇరాక్ సరిహద్దు దగ్గరి అబ్దలీలో ఆరుబయట సాగు శరత్తులో మొదలై, చలికాలమంతా సాగి, ఎండలు ముదిరేసరికి ముగుస్తుంది. అదే 2016లో, ఫిబ్రవరి 26న, స్టార్‌డ్యూ వేలీ అనే సేద్యపు ఆట విడుదలయింది. అందులో ఒక్కో ఋతువుకు 28 రోజులు. టమాటా, మిరప, కర్బూజా వేసవి పంటలు. చలికాలంలో ఆరుబయట దాదాపు ఏదీ పండదు. వఫ్రా రైతు చేతికి ఈ ఆట ఇస్తే పంచాంగం తలకిందులుగా ఉందంటాడు.

ఈ ఆట మొదలుపెట్టే ఎవరికైనా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఏ యంత్రం మీద ఆడాలి? ఆటను ఉన్నదున్నట్టు ఆడాలా, మాడ్‌లు, అంటే ఆడేవారే దత్తాంశాన్నీ కోడ్‌నూ మార్చే చేర్పులు, వేసుకోవాలా? సియాటిల్‌లోనో లండన్‌లోనో ఇవి అభిరుచికి సంబంధించిన ప్రశ్నలు. కువైట్‌లో వీటి వెనుక ఋతువు ఉంది, లిపి ఉంది, నలభై యేళ్ళ చరిత్ర ఉంది.

1982లో మొహమ్మద్ అల్ షారిఖ్ కువైట్‌లో అల్ ఆలమియా సంస్థను స్థాపించాడు. ఆయన ఇంజనీరు కాదు. కైరోలోనూ అమెరికాలోని విలియమ్స్ కాలేజీలోనూ అర్థశాస్త్రం చదివి, అభివృద్ధి నిధులూ బ్యాంకుల వ్యవహారాలూ చూసినవాడు. అరబిక్‌లో పనిచేసే కంప్యూటర్ ఇంటింటికీ చేరాలన్నది ఆయన సంకల్పం. అందుకు ముందుగా ఒక యంత్రాన్ని ఎంచుకోవాలి. కమొడోర్, సింక్లెయిర్, ఆపిల్ యంత్రాలు అప్పటికే పేరు తెచ్చుకున్నాయి గాని, వేటి నిర్మాణం వాటిదే, ఏ సంస్థ సొత్తు ఆ సంస్థదే. 1983లో జపాన్‌కు చెందిన ఆస్కీ, అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించిన ఎమ్మెస్సెక్స్ ఇందుకు భిన్నం. అది యంత్రం కాదు, ప్రమాణం. అనుమతి తీసుకున్న ఏ సంస్థయినా దాని ప్రకారం కంప్యూటర్ తయారుచేయవచ్చు. పైగా దాని నిర్మాణంలో స్లాట్లు ఉన్నాయి. మూల వ్యవస్థను చెరపకుండా దాని పక్కనే అదనపు రోమ్‌ను చేర్చవచ్చు. అరబిక్ చొప్పించడానికి సందు దొరికింది అక్కడే.

ఆ పని తేలికైనది కాదు. అరబిక్‌లో 28 అక్షరాలే అయినా, పదం మొదట, మధ్యన, చివర, విడిగా ఒక్కో అక్షరం ఒక్కో రూపు దాలుస్తుంది. రాత కుడి నుండి ఎడమకు నడుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలను ఎడమ నుండి పేర్చుకుపోయే 8 బిట్ యంత్రానికి ఇదంతా నేర్పాలి. సఖ్ర్, అంటే శిల, అనే పేరుతో వెలువడిన ఆ కంప్యూటర్లు జపాన్ సంస్థల హార్డ్‌వేర్ మీద అరబిక్ లిపిని, అరబిక్ ఆదేశాలు గల బేసిక్ భాషను మోసుకొచ్చాయి. ఈజిప్టు భాషాశాస్త్రజ్ఞుడు నబీల్ అలీ పదాల ధాతువులను విడదీసే ప్రోగ్రాముల మీద పనిచేశాడు. ఖురాన్ పాఠంలో పదాలను వెదికే ప్రోగ్రామూ వచ్చింది. నేటి మాటల్లో చెప్పాలంటే అల్ ఆలమియా ఒక ఆటకు కాక మొత్తం ఒక ప్లాట్‌ఫారానికే మాడ్ చేసింది.

ఆ సంస్థ తెచ్చిన ఏఎక్స్ 990 అనే నమూనా ఈ కథలో ప్రత్యేకం. ఒకే పెట్టెలో రెండు యంత్రాలు: ఒకటి అరబిక్ ఎమ్మెస్సెక్స్, రెండోది సెగా మెగాడ్రైవ్. మొదటి సగంలో పిల్లవాడు తన భాషలో ప్రోగ్రామ్ రాయవచ్చు. రెండో సగంలో కార్ట్రిడ్జ్ పెట్టి ఆడటమే. మార్చుకోగల యంత్రం, మార్చడానికి వీల్లేని యంత్రం ఒకే కప్పు కింద కాపురమున్నాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. సంస్థ పని కైరోకు తరలింది. ఆపాటికే ఎమ్మెస్సెక్స్ కాలం చెల్లిపోతోంది, ప్రపంచం ఐబీఎం పీసీ వైపు మళ్ళింది. భాషా పరిజ్ఞానం కొత్త యంత్రాలకు బదిలీ అయింది గాని, పాత కార్ట్రిడ్జ్‌లు పాత యంత్రాలతోనే మిగిలిపోయాయి. పరుల ప్రమాణం మీద కట్టినదానికి ఆ ప్రమాణపు ఆయుష్షే ఉంటుంది. అలాగని షారిఖ్ ఎంపిక తప్పనలేము. మూసి ఉన్న యంత్రాన్ని ఎంచుకుని ఉంటే ఆ పదేళ్ళ పనికూడా జరిగేది కాదు.

సేద్యపు ఆటలు పుట్టింది మాత్రం మూసి ఉన్న యంత్రాల మీదే. యసుహిరో వాదా రూపొందించిన తొలి హార్వెస్ట్ మూన్ 1996లో జపాన్‌లో సూపర్ ఫామికాం మీద వెలువడింది. దానిని ప్రేమించిన ఎరిక్ బరోన్ ఒంటరిగా నాలుగేళ్ళకు పైగా శ్రమించి స్టార్‌డ్యూ వేలీ తయారుచేశాడు. అది పీసీ మీద పుట్టి, ఆ తరువాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్, ఫోన్‌లకు చేరింది. పీసీలో స్మాపీ అనే ఉపకరణం సాయంతో వేల మాడ్‌లు నడుస్తాయి. ఆటగదిలోని కన్సోల్‌లో ఒక్కటీ నడవదు. స్విట్జర్లాండ్‌కు చెందిన జయింట్స్ సంస్థ ఫార్మింగ్ సిమ్యులేటర్‌ది మధ్యేమార్గం. కన్సోల్‌కూ కొన్ని మాడ్‌లను అనుమతిస్తుంది గాని, స్క్రిప్టులున్న వాటిని పీసీకే పరిమితం చేస్తుంది. కొత్త పొలాన్ని తయారుచేసేవారు ఏ నెలలో ఏ పైరు వేయాలో కూడా మార్చుకోవచ్చు. 2024లో వచ్చిన దాని 25వ ముద్రలో వరి మళ్ళు, గేదెలు చేరాయన్నది తెలుగువారికి ముచ్చట గొలిపే సంగతి.

కువైట్ పంచాంగాన్ని స్టార్‌డ్యూలోకి తేవడం నిజానికి చిన్న పని. ఏ పంట ఏ ఋతువుకు చెందుతుందో చెప్పే జాబితాను దిద్దితే చాలు, ఒక సాయంకాలంలో అయిపోతుంది. అసలు చిక్కు లిపి. ఆటలో ఇంగ్లీషుతో కలిపి 12 భాషలున్నాయి. అరబిక్ లేదు, తెలుగూ లేదు. 2021 చివరలో వచ్చిన 1.5.5 రూపాంతరం కొత్త భాషలను మాడ్‌గా చేర్చే దారి తెరిచింది. కాని ఆ ఆట అక్షరాల బొమ్మలను ఎడమ నుండి కుడికి ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది, 1980ల ఎమ్మెస్సెక్స్ లాగే. అరబిక్‌కు ఒక ఉపాయముంది. యూనికోడ్‌లో ఆ అక్షరాల స్థానరూపాలకు విడివిడి సంకేతాలున్నాయి కనుక, పాఠాన్ని ముందే రూపుకట్టి తలకిందుగా రాసిపెట్టవచ్చు. అయితే వాక్యం రెండో పంక్తికి మళ్ళినప్పుడు చివరి మాటలు పైకి, మొదటి మాటలు కిందికి వస్తాయి. పంక్తులను చేత్తో విరవాల్సిందే. తెలుగుకు ఆ ఉపాయం కూడా లేదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం వెనుక ఆరు సంకేతాలున్నాయి, వాటి కలయికకు మరో విడి సంకేతం లేదు. వత్తునూ గుడినీ కలిపే ప్రోగ్రామునే ఆటలోకి చొప్పించాలి. అంటే దత్తాంశపు మాడ్ చాలదు, కోడ్ మాడ్ కావాలి. కాబట్టి పీసీ తప్ప గత్యంతరం లేదు.

పీసీ ఎంచుకున్నా పేచీ తీరదు. 2024 మార్చి 19న 1.6 రూపాంతరం పీసీకి వచ్చినప్పుడు ఎన్నో పాత మాడ్‌లు పనిచేయడం మానేశాయి, రాసినవారు వాటిని మళ్ళీ దిద్దవలసి వచ్చింది. కన్సోల్‌లకూ ఫోన్‌లకూ అదే రూపాంతరం నవంబరు 4న గాని చేరలేదు; కన్సోల్‌లలో చెడేందుకు మాడ్‌లు లేవు. కుదురుగా ఆడుకోదలచినవారికి కన్సోలే సుఖమన్న వాదనలో నిజముంది. ఆ సుఖం ఆ 12 భాషల్లో ఏదో ఒకటి వచ్చినవారిది. కడప నుండో గోదావరి జిల్లాల నుండో కువైట్ చేరి పొలాల్లో, ఇళ్ళల్లో పనిచేసే తెలుగువారి చేతిలో ఉండేది చాలావరకు ఫోన్. తెలుగును చొప్పించే దారి ఉన్నది వారి చేతిలో లేని యంత్రం మీద.

షారిఖ్ 2024 మార్చిలోనే కన్నుమూశాడు. ఆ నెల 19న వచ్చిన 1.6లో కొత్త పండుగలు, కొత్త పొలం, కొత్త సంభాషణలు ఉన్నాయి. భాషల జాబితాలో అరబిక్ మాత్రం చేరలేదు.