బొంబాయి ద్వీపమున తెలుగువారి వేడుకలు: కామాఠిపురపు వీధియు వాకిలియు

స్పెయిను దేశమునకు చెందిన కనారీ దీవులలో తెనెరీఫె యను ద్వీపమొకటి కలదు. క్రైస్తవుల నలువది దినముల ఉపవాస దీక్షకు ముందు అచట 'కార్నివాలు' అను వేషముల పండుగ జరుగును. అంతర్యుద్ధ కాలమున, 1937లో, జనరల్ ఫ్రాంకో ప్రభుత్వము ఈ పండుగను నిషేధించెను. ముసుగు ధరించినవాడెవడో తెలియదు. తెలియని వానిని శిక్షించుట కష్టము. ఇది ప్రభుత్వముల చిరకాలపు భయము. ద్వీపవాసులు 1961 నుండి అదే వేడుకను 'శీతకాలపు ఉత్సవములు' అను పేర జరుపుకొనిరి. ఫ్రాంకో మరణానంతరము 1976లో పాత పేరు మరల వచ్చెను. అదే దీవులలోని లా పాల్మా యందు కార్నివాలు సోమవారమున జనులు తెల్లని దుస్తులు ధరించి, ఒకరిపై నొకరు తెల్లని పొడి చల్లుకొందురు. క్యూబాకు పోయి ధనము గడించి తిరిగివచ్చిన తమ ఊరివారి డాబును ఎగతాళి చేయుటయే దాని ఉద్దేశము. వలసపోయిన వాని కథ ఊరి పండుగలో ఈ విధముగా నిలిచినది.

బొంబాయియు ఒకప్పుడు ద్వీపమే. ఒకటి గాదు, ఏడు. ఇచటి కథలో వలసవచ్చినవారు తెలుగువారు. గవర్నరు విలియం హార్న్బీ కాలమున (1771–1784) సముద్రపు పోటునీరు లోనికి రాకుండ కట్టిన అడ్డుకట్టతో పల్లపు నేలలు ఆరి, నివాసయోగ్యములయ్యెను. పదునెనిమిదవ శతాబ్ది చివర నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతములనుండి వచ్చిన కూలిజనము ఆ నేలపై స్థిరపడిరి. వారిని 'కామాఠీ'లనిరి. కాయకష్టము చేయువాడని దానికర్థము. ఆ పేరే గ్రాంట్ రోడ్ చెంతనున్న కామాఠిపురమునకు వచ్చినది. నేడు ఆ పేరు వినగానే లోకులకు వేరొక వృత్తి స్ఫురించుట ఆ పేటకు జరిగిన అన్యాయము. ఇటుక మోసి, సున్నము కలిపి ఈ నగరమును కట్టినవారి పేరది.

వారు మూటలలో తెచ్చుకొన్నది తాపీలు, గమేళాలు మాత్రమే గాదు. తెలంగాణ పల్లెలలో మొహర్రము 'పీర్ల పండుగ'. గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్ షా హైదరాబాదున బాద్షాహీ ఆషూర్ఖానాను పదునారవ శతాబ్ది చివర కట్టించెను. రాజాదరణతో పెరిగిన ఆ సంతాప దినములు పల్లెకు చేరునప్పటికి వేరు రూపు దాల్చెను. పీర్ల చావడి ముందు గుండము త్రవ్వి నిప్పు రాజవేయుదురు. దాని చుట్టు హిందువులు మహమ్మదీయులు కలిసి ఆడుదురు. బిడ్డకు జబ్బు తగ్గినచో పులి వేషము కట్టింతుమని మ్రొక్కుకొందురు. కర్బలా దుఃఖమునకు పులికి ఏమి సంబంధమని పండితుడు ప్రశ్నింపవచ్చును. మ్రొక్కుకొన్న తల్లికి ఆ ప్రశ్నతో పని లేదు.

పందొమ్మిదవ శతాబ్దిలో బొంబాయి వీధులలో జరిగిన మొహర్రము అచ్చముగా ఇట్టిదే. పది దినములు మొహల్లా మొహల్లాకు ఒక తాబూతు. దాని వెంట 'టోలీ' అను యువకుల దండు. డోళ్లు, వేషములు, ఎదుటి మొహల్లాపై పంతములు. పదవనాడు తాబూతులను నీటికడకు ఊరేగించుట. హిందూ శ్రామికులును ఇందు విరివిగా పాల్గొనుచుండిరి. పీర్ల పండుగ నెరిగిన పల్లెలనుండి వచ్చిన కామాఠీలకు ఇది పరాయి వేడుకగా తోచియుండదని ఊహించుటకు పెద్ద సాహసమక్కరలేదు.

ఈ కలయికకు రెండు దెబ్బలు తగిలెను. 1893 ఆగస్టులో బొంబాయిలో హిందూ మహమ్మదీయుల నడుమ ఘోరమైన అల్లరులు జరిగెను. ఆ సంవత్సరముననే గిర్గాములోని కేశవజీ నాయక్ చాళ్లలో సార్వజనిక గణేశోత్సవము మొదలయ్యెను. మరుసటి ఏడు పూనాలో హిందువులు పలువురు తాబూతుల వెంట నడచుట మానిరి. తిలక్ ప్రోత్సాహమున గణపతి ఊరేగింపు విస్తరించెను. డోలు, మేళము, నీట కలుపుట మున్నగునవి క్రొత్త పండుగలోను కనబడెను. మారినది ఎవరు ఎవరితో కలిసి నడచుట యన్నది. రెండవ దెబ్బ పోలీసువారిది. 1911 జనవరిలో మొహర్రము చివర అల్లరి చెలరేగగా సైన్యము కాల్పులు జరిపెను. అప్పటి పోలీసు కమిషనరు ఎస్. ఎం. ఎడ్వర్డ్స్ దరిమిలా విధించిన నిబంధనలతో టోలీల ఊరేగింపులు నిలిచిపోయెను. తెనెరీఫె వాసులు పేరు మార్చి పండుగను దక్కించుకొనిరి. బొంబాయి మొహర్రములోని వేషమునకు అట్టి మారుపేరు దొరకలేదు. సంతాపము మిగిలినది, కేళి పోయినది.

శ్రామికునికి పండుగ యనగా తీరిక గూడ. మిల్లులలో వారమునకొక సెలవు లేని కాలమున పండుగ దినములే విశ్రాంతి దినములు. నారాయణ మేఘాజీ లోఖండే ఉద్యమము ఫలించి 1890లో మిల్లు యజమానులు ఆదివారపు సెలవున కంగీకరించిరి. లోఖండే జ్యోతిరావు ఫూలేకు అనుచరుడు. ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండయైన వారిలో వ్యంకు బాలాజీ కాలేవార్, జాయా కరాడీ లింగూ వంటి తెలుగు కంట్రాక్టరులు కలరు. ఈ సంగతి మరాఠీ చరిత్రకారులు వ్రాసినంతగా మనవారు వ్రాయలేదు.

వీధి చేజారిన పిదప మిగిలినది వాకిలి. చాళ్లలో వరుస గదుల ముందు పొడవైన వసారాయు, నడుమ వాకిలియు నుండును. పది అడుగుల గదిలో కాపురమున్న స్త్రీలకు ఆ వాకిలియే ఊరు. భాద్రపద అమావాస్యనాడు 'ఎంగిలిపూల బతుకమ్మ'తో మొదలై తొమ్మిదవనాడు 'సద్దుల బతుకమ్మ'తో ముగియు పండుగకు లైసెన్సు అక్కరలేదు, పందిరి అక్కరలేదు, పురోహితుడును అక్కరలేదు. తాంబాళము, పూవులు, చప్పట్లు చాలును. అందుచేతనే కాబోలు, పోలీసు చరిత్రలలో ఈ పండుగ ఊసు లేదు. తగవు లేనిచోట దస్త్రము పుట్టదు. స్త్రీల పండుగలకు చరిత్ర వ్రాయువారికి ఎదురగు మొదటి చిక్కు ఇదియే.

పువ్వుల సంగతి చూడుడు. తంగేడు, గునుగు తెలంగాణ బీడు భూములలో అడుగకుండ పూచును. చాళ్ల వాకిట మొలవవు. దాదరు పూల బజారున బంతి మాత్రము రాశులుగా దొరకును. కనుక ఇచటి బతుకమ్మలో పసుపు వన్నె తంగేటికంటె బంతికే ఎక్కువ ఋణపడి యుండును. సాగనంపుట మరియొక చిక్కు. తెలంగాణలో ప్రతి ఊరికి చెరువు గలదు. బొంబాయిలో ఇరువదవ శతాబ్ది ఆరంభమున మలేరియా భయముచే బావులు, చెరువులు అనేకము పూడ్చిరి. చెరువున కలియవలసిన గౌరమ్మకు సముద్రమే గతి. పొరుగు మరాఠీ స్త్రీలకు ఇది వింతగా తోచలేదు. వారి బాలికలు ఆ దినములలోనే నడుమ ఏనుగు బొమ్మ నుంచి, చుట్టు తిరుగుచు 'భోండ్లా' పాడుదురు.

1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. అటుపిమ్మట మిల్లులనేకము మూతపడెను. మిల్లుపనిపై బ్రతికిన తెలుగు నేతకార్మిక కుటుంబములలో పలువురు దూరపు శివారులకు తరలిపోయిరి. వాకిట కూడు స్త్రీలు తగ్గిరి. 2014లో నూతన తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించుటతో ముంబయి తెలుగువారిలోను ఉత్సాహము హెచ్చినది. మైదానములలో, వేదికలపై, మైకుల నడుమ బతుకమ్మలు వెలసెను. సంతోషమే. అయినను వేదికకు ప్రేక్షకులుందురు. వాకిట అందరును ఆడువారే.

ఇపుడు కామాఠిపురపు పాత భవనములను తొలగించి, మ్హాడా సంస్థ ద్వారా బహుళాంతస్తుల భవనములు కట్టించుటకు మహారాష్ట్ర ప్రభుత్వము పూనుకొన్నది. కూలుటకు సిద్ధముగానున్న గదులలో భయముతో బ్రతుకువారికి మంచి ఇల్లు కావలెననుటలో వివాదము లేదు. అయితే కుటుంబమునకు ఇన్ని చదరపుటడుగులని లెక్కించునపుడు గదియే లెక్కకు వచ్చును. వాకిలి ఏ ఒక్క కుటుంబము పేరను ఉండదు. పథకము పటములు ఖాయము కాకమునుపే, ఏ గల్లీలో ఏ వాకిట ఎందరు స్త్రీలు బతుకమ్మ ఆడిరో, సద్దులనాడు ఏ త్రోవను సముద్రమునకు నడచిరో పెద్దముత్తైదువల నడిగి వ్రాసికొనుటకు ఇంకను కొంత వ్యవధి కలదు.