బేస్ గిటార్ కాలేకపోయిన డబ్బా

టీబీ-303 అనే పేరు ఎప్పుడూ విననివాళ్ళకి కూడా దాని గొంతు తెలిసే ఉంటుంది. డాన్స్ మ్యూజిక్‌లో అడుగునుంచి "క్వీక్, వావ్ వావ్" అంటూ, తోక తొక్కిన పిల్లిలా ఒకటి అరుస్తూ ఉంటుంది చూడండి, అదే. రోలాండ్ అనే జపాన్ కంపెనీ 1981లో దీన్ని మార్కెట్లోకి దింపింది. డిజైన్ చేసింది తడావో కికుమోతో అనే ఇంజినీరు. రిక్వైర్‌మెంట్ చాలా సింపుల్. ఒంటరిగా గిటార్ ప్రాక్టీసు చేసుకునేవాడికి పక్కన బేస్ వాయించే తోడు ఉండాలి, అంతే. డ్రమ్ములకి జోడీగా టీఆర్-606 అని ఇంకో డబ్బా.

ఆ రిక్వైర్‌మెంట్ పట్టుకుని టెస్ట్ చేస్తే 303 అట్టర్ ఫ్లాప్. బేస్ గిటార్‌తో ఎక్కడా పోలిక లేదు. దాన్ని ప్రోగ్రామ్ చెయ్యడం మరీ నరకం. స్వరాలు ఒక మోడ్‌లో ఎక్కించాలి, వాటి టైమింగ్ ఇంకో మోడ్‌లో. బ్యాటరీలు తీసేస్తే మెమరీలో ఉన్నది కాస్తా చెత్త అయిపోతుంది (ఆ చెత్తే బాగుందని వాడుకున్నవాళ్ళూ ఉన్నారు లెండి). సుమారు 10,000 డబ్బాలు చేసి 1984లో దుకాణం కట్టేశారు. తయారైనవి సెకండ్‌హ్యాండ్ షాపులకి చేరాయి.

చికాగోలో ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ళ బృందం (డీజే పియెర్, స్పాంకీ, హెర్బ్ జే) అలాంటి పాత 303 ఒకటి కొన్నారు. మాన్యువల్ లేదు. ప్యాటర్న్ తిరుగుతూ ఉండగానే ముందున్న బటన్లు తిప్పడం మొదలెట్టారు. రోలాండ్ వాళ్ళ లెక్కలో అవి ఒకసారి సెట్ చేసి వదిలెయ్యాల్సినవి. వీళ్ళ చేతుల్లో అవే వాయిద్యం అయ్యాయి. ఆ టేపు మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రాన్ హార్డీ వేశాడు. మొదటిసారి వేసినప్పుడు జనం డాన్స్ ఆపేసి పక్కకి పోయారట, అదే రాత్రి నాలుగోసారి వేసేసరికి వెర్రెత్తిపోయారట. అది 1987లో "యాసిడ్ ట్రాక్స్" పేరుతో రికార్డుగా వచ్చింది. పదకొండు నిమిషాలకి పైగా సాగుతుంది. చెప్పుకోదగ్గ ట్యూన్ ఏమీ లేదు, ఉన్నదంతా ఫిల్టర్ కదలికే.

ఇంతకీ లోపల ఏముంది? ఒకే ఒక్క ఆసిలేటర్. రంపపు పళ్ళ తరంగమో చదరపు తరంగమో ఇస్తుంది. దాని తర్వాత ఒక లో-పాస్ ఫిల్టర్. కటాఫ్ పైనున్న హార్మోనిక్స్‌ని ఫిల్టర్ కోసేస్తుంది. రెజొనెన్స్ పెంచితే సరిగ్గా ఆ అంచు దగ్గరున్న హార్మోనిక్ ఉబ్బుతుంది. కటాఫ్ తిప్పుతుంటే ఆ ఉబ్బు ఒక్కో హార్మోనిక్‌ని దాటుకుంటూ పోతుంది, మన చెవికి అది ఏడుపులా వినపడుతుంది. కాకపోతే రెజొనెన్స్ పెరిగేకొద్దీ అడుగు పల్చబడుతుంది. అంటే బేస్ మెషీన్‌లో బేసే మాయం!

1990ల్లో దీనికి మందు దొరికింది, డిస్టార్షన్. జర్మనీకి చెందిన హార్డ్‌ఫ్లోర్ 1992లో తెచ్చిన "యాక్‌పీరియన్స్ 1", అమెరికాలో జాష్ వింక్ 1995లో తెచ్చిన "హయ్యర్ స్టేట్ ఆఫ్ కాన్షస్‌నెస్" వింటే తేడా మీకే తెలుస్తుంది. ఇక్కడ మన ఇంజినీరింగ్ బుర్రకి పనికొచ్చే ముక్క ఒకటుంది. కదలకుండా పెట్టిన రెండు ఈక్యూలని ఏ వరసలో కలిపినా ఔట్‌పుట్ ఒకటే, ఎందుకంటే అవి లీనియర్. డిస్టార్షన్ అలా కాదు. ఫిల్టర్ తర్వాత పెడితే ఆ ఉబ్బిన హార్మోనిక్‌ని పట్టి నలిపి కొత్త హార్మోనిక్స్ పుట్టిస్తుంది, పిల్లి పులవుతుంది. ఫిల్టర్‌కి ముందు పెడితే పుట్టిన వాటిని ఫిల్టరే మింగేస్తుంది. ఇప్పటికీ చాలామంది అడుగు పౌనఃపున్యాలని విడగొట్టి శుభ్రంగా ఉంచి, పై భాగాన్ని మాత్రమే నలగ్గొడతారు. లేకపోతే కిక్ డ్రమ్‌తో బురద అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది యాక్సెంట్ సర్క్యూట్. రెజొనెన్స్ పెంచి వరసగా రెండు మూడు స్వరాలకి యాక్సెంట్ పెడితే, లోపలి కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యేలోపే మళ్ళీ నిండుతుంది. దాంతో ఒక్కో స్వరానికీ ఫిల్టర్ ఇంకాస్త పైకి లేస్తుంది. మన భాషలో చెప్పాలంటే రీసెట్ చెయ్యని గ్లోబల్ వేరియబుల్. కోడ్ రివ్యూలో పట్టుకుని తిట్టేవాళ్ళం! సాఫ్ట్‌వేర్‌లో 303ని అనుకరించేవాళ్ళు మాత్రం ఆ లీకేజీని తిరిగి రాయడానికి తంటాలు పడ్డారు. 2016లో రోలాండే టీబీ-03 తెచ్చింది, 2019లో బెరింగర్ టీడీ-3 తెచ్చింది.

ఇక మనదేశం సంగతి. "యాసిడ్ హౌస్ కనిపెట్టింది ఇండియనే" అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు మీకూ తగిలే ఉంటారు. వాళ్ళు చెప్పేది చరణ్‌జిత్ సింగ్ గురించి. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఈయన 1982లో టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 పెట్టుకుని పది రాగాలని డిస్కో దరువు మీద రికార్డు చేశాడు. కొన్నవాళ్ళు తక్కువ. 2010లో రీఇష్యూ అయ్యాక ప్రపంచం నోరెళ్ళబెట్టింది.

నా ఉద్దేశంలో మాత్రం ఇక్కడ "ఎవరు ముందు" అనే లెక్క వేస్తే ఇద్దరికీ అన్యాయమే. చికాగో వాళ్ళు ఈ రికార్డు విన్నారనడానికి ఆధారం లేదు. ఇద్దరినీ కలిపింది ఆ డబ్బా పరిమితులే. పదహారు మెట్ల చక్రం, కార్డ్స్ వాయించలేని ఒంటి గొంతు, స్వరం నుంచి స్వరానికి జారే స్లైడ్. ఈ మూడూ రాగానికి అడ్డం కాలేదు సరికదా, కలిసొచ్చాయి. పియానో మెట్ల మీద జారు పలికించలేక అవస్థపడ్డవాళ్ళకి స్లైడ్ విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ బొంబాయిలో రాగమే హీరో, 303 పక్కవాద్యం. చికాగోలో 303 తప్ప ఇంకెవరూ లేరు. దాని గొంతుని మార్చడమే అక్కడ కచేరీ.

సింగ్ చివరి రోజుల్లో యూరప్ వేదికల మీద మళ్ళీ 303 ముందు కూర్చుని, 2015లో ముంబైలో చనిపోయాడు. వీలైతే ఆయన భూపాలి వినండి, మన మోహనమే. వెంటనే "యాసిడ్ ట్రాక్స్" వినండి. హెడ్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోండి, లాప్‌టాప్ స్పీకర్లలో అడుగు వినపడదు.