స్టైలో: మెట్ట బీళ్ల మేత మొక్క

స్టైలో పప్పుజాతికి చెందిన అడవి మొక్క. దీని జాతుల్లో ఎక్కువ భాగానికి పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా, కరీబియన్ దీవులు. ఫ్రూటికోసా అనే జాతి ఆఫ్రికాలోనూ, దక్షిణ భారతదేశపు మెట్ట నేలల్లోనూ సహజంగానే మొలుస్తుంది. 1788లో ఈ ప్రజాతికి పేరు పెట్టినవాడు స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఓలోఫ్ స్వార్ట్జ్.

మేతగా దీనికి పేరు తెచ్చిన నేల మాత్రం ఆస్ట్రేలియా. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో క్వీన్స్‌ల్యాండ్‌లోని టౌన్స్‌విల్ రేవు చుట్టుపక్కల హ్యూమిలిస్ అనే ఏకవార్షిక జాతి కనిపించింది. దాన్ని ఎవరూ కావాలని తెచ్చి నాటలేదు. వానలు వెనక్కి తగ్గగానే అక్కడి గడ్డి మాంసకృత్తులు కోల్పోయి ఉత్త పీచవుతుంది, పశువులు చిక్కిపోతాయి. ఆ కరువు నెలల్లో ఎండిన స్టైలోనే వాటిని నిలబెట్టింది. వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి నిస్సారమైన నేలలోనూ ఈ మొక్క బతుకుతుంది. 1960ల నాటికి సూపర్ ఫాస్ఫేట్ చల్లి, విమానాలతో గింజలు వెదజల్లే స్థాయికి సాగు చేరింది.

ఒకే జాతిని అంతగా నమ్ముకోవడం చేటు తెచ్చింది. 1970లలో ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు తెగులు సోకి టౌన్స్‌విల్ స్టైలో బీళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. దాని చోటును హమాటా జాతికి చెందిన వెరానో (1973), స్కాబ్రా జాతికి చెందిన సెకా (1976) రకాలు తీసుకున్నాయి. నైజీరియాలో ఫులానీ కాపరుల కోసం కంచె వేసి పెంచిన మేత మడుల్లోనూ వెరానోకే పెద్దపీట దక్కింది.

భారతదేశంలో ఝాన్సీలోని గడ్డిభూముల, పశుగ్రాస పరిశోధన సంస్థ (1962) వంటి కేంద్రాలు స్టైలోపై పనిచేశాయి. వాటర్‌షెడ్ పథకాల్లో గట్ల మీదా, బీళ్లలోనూ హమాటా చల్లారు. ఆ గింజల అవసరాన్ని ఎక్కువగా తీర్చింది అనంతపురం ప్రాంతపు చిన్న రైతులు. వేరుశనగ ఎండిపోయే ఆ నేలలో స్టైలో గింజ నమ్మదగిన రాబడి అయింది; ఈ సంగతికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. పండిన కాయ నేల రాలుతుంది కనుక దాన్ని ఊడ్చి, చెరిగి, మట్టి తీసేస్తారు. గింజ పైపొర గట్టిది. విత్తే ముందు వేడినీటిలో ఉంచితే మొలక బాగా వస్తుంది.

ఇటీవలి దశాబ్దాల్లో పరిశోధన తెగులును తట్టుకునే సీబ్రానా జాతి వైపు మళ్లింది. అది బహువార్షికం, నల్లరేగడిలోనూ నిలుస్తుంది. అయితే దానికి సరిపడే రైజోబియం నేలలో లేకపోతే విత్తనంతోపాటు అందించాలి.