కన్ను గల పెట్టెకు చదువు



వీ.సీ.డీ. యను పేర మన యిండ్లలో కొంతకాలము వెలిగి మరుగుపడిన సినిమా పళ్లెములను మీరు మరచి యుండరు. దాని కట్టడి 1993లో నేర్పడినది. ఒక్కొక్క పళ్లెమున సుమారు 74 నిమిషముల బొమ్మయే పట్టుటచే చిత్రమునకు రెండు మూడు పళ్లెములు కావలసి వచ్చెడివి. నడుమ లేచి పళ్లెము మార్చు పని మా యింట నాదే.

2003లో నేను బాపట్లలో ఉపాధ్యాయుడనై యుండగా, అమెరికాలోని మా తమ్ముని కుమారుడు రేపల్లెలోని మా యింటికొక పళ్లెము పంపెను. గతించిన మా తండ్రిగారి భారత పఠనమును పాత క్యాసెట్ల నుండి ఎమ్.పీ.3 రూపమున నందు నింపినాడు. మా తల్లి పీట వేసికొని పెట్టె యెదుట కూర్చుండెను. పెట్టె పళ్లెమును త్రిప్పి త్రిప్పి, డిస్కు లేదని చూపెను.

మరునాడు పెట్టెను తువ్వాలులో చుట్టి, యొడిలో నుంచుకొని, రైలులో తెనాలి పోతిని. మరమ్మతు చేయునతడు మూత విప్పి చూచి, "కన్ను బాగానే ఉంది మాస్టారూ, చదువే చాల్లేదు" అనెను. ఇంతకంటె చక్కని వ్యాఖ్యానమును నేనెరుగను.

కన్ననగా 780 నానోమీటర్ల లేసరు కిరణము. పళ్లెముపైని గుర్తులను అది చూచుచునే యున్నది. నాగరి మాత్రమే నేర్చినవానికి గ్రంథలిపి కనబడదా? కనబడును, చదువ రాదు. ఆ చదువు లోపలి పలకపైని చిప్పులలో నుండును. వింత యేమన, 1993 నాటి ఒక్క ప్రమాణములోనే శబ్దమును కుదించుటకు మూడు అంతరువులు కలవు. వీ.సీ.డీ. రెండవ దానిని వాడును, ఎమ్.పీ.3 మూడవది. తోబుట్టువులే, కాని మా పెట్టెకు పెద్దదాని మాటయే తెలిసినది. మూడవ పద్ధతిలో సాధారణముగా నింపినచో అదే పళ్లెమున 11 గంటల పఠనము పట్టును.

అతడు కన్నును, మోటారును, డొక్కును అట్లే యుంచి, పలక నొక్కదానిని మార్చెను. డీ.వీ.డీ. చదువవలెనన్న మాత్రము పలకతో తీరదు. దానికి 650 నానోమీటర్ల కన్ను కావలెను. ఈ మార్పుల విద్య అంతకుముందును కలదు. అమెరికా వీడియో టేపులలో బొమ్మకు 525 గీతలు, మన పద్ధతిలో 625. ఆ తేడాను సరిపెట్టుటకు పెట్టెలలో పలకలు చేర్చిన మెకానిక్కు లెందరో! వారి పేరు లే చరిత్రలోను లేవు. ఇది నాకు న్యాయముగా తోపదు.

ఆ సాయంకాలము రేపల్లెలో మా తండ్రిగారి గొంతు వినబడెను. తెర నీలముగానే యుండెను. మా తల్లి కొంతసేపు విని, "మీ నాన్నగారు కనపడరేమిరా?" అనెను. ఆయన చదువుచుండగా తీసిన బొమ్మయు ఆ పళ్లెములోనే, ఎమ్.పెగ్.4 రూపమున నుండెను. క్రొత్త పలకకు ఆ చదువు లేదు. అది చదువగల పెట్టె మా యింటికి 2008లో వచ్చెను. అప్పటికి ఆమె లేదు.